జలుబు గొట్టం

మా అత్తకు నిజం తెలియకూడదని చర్చి మొత్తం ఒక మాట మీద నిలబడింది. ఆదివారం పాట ఎత్తుకుంటే తలా ఒక శ్రుతిలో పాడే మనుషులు ఈ ఒక్క విషయంలో ఎక్కడా జారలేదు. ఆర్గాన్ కరెంటు వల్ల కాలిపోయిందని పాస్టరు గారు చెప్పారు, ఆయన భార్య చెప్పింది, పాలు పోసే ఆమె చెప్పింది, నేనూ చెప్పాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో పేరు. అలాంటి నేను రెండేళ్లకు పైగా అసలు మాటను మింగకుండా, కక్కకుండా నోట్లోనే పెట్టుకుని తిరిగాను.

నిజమేమిటంటే ఆ ఆర్గాన్‌ను కాల్చింది మా అత్తే. ఈ లోకంలో దాన్ని అందరికంటే ఎక్కువగా ప్రేమించిన మనిషి, దాని మంచి కోసం పెట్టిన నిప్పుతోనే అది కాలిపోయింది. ఆ సంగతి ఆమె చెవిన పడకుండా చూడడమే మా అందరి పని అయింది.

ఆమె మా నాన్నకు అక్క. చిల్లకూరు దాటి సముద్రం వైపు పోతే బకింగ్‌హామ్ కాలువకు ఇవతల ఒక ఊళ్లో చర్చి ఉంది. పెళ్లై ఆ ఊరికి కాపురానికి పోయిన కొత్తల్లోనే ఆర్గాన్ ముందు కూర్చుంది, ఇక లేవలేదు. చర్చి చిన్నది. గట్టిగా తుమ్మితే చివరి బెంచీ వాళ్లు కూడా ఉలిక్కిపడతారు. ఆర్గాన్ మాత్రం పైకప్పును తాకేది. పిట్ట కొంచెం కూత ఘనం అన్న మాట ఆ చర్చిని చూసే పుట్టిందని మా నాన్న అనేవాడు.

చూడని వాళ్ల కోసం చెప్తాను. హార్మోనియం తెలుసు కదా, దానికి ముత్తాత లాంటిది అనుకోండి. వెనక ఒక చీకటి గదిలో మంచమంత తోలు తిత్తి ఉంటుంది. మీట పట్టుకుని కిందికీ పైకీ ఆడిస్తే తిత్తి గాలితో ఉబ్బుతుంది. ముందు కూర్చున్న మనిషి మెట్టు నొక్కితే ఆ గాలి ఒక గొట్టంలోకి పోయి పలుకుతుంది. ఒక్కో మెట్టుకు ఒక్కో గొట్టం. తగరం, సీసం కలిపి పోసిన గొట్టాలు కొన్ని, చెక్కవి కొన్ని. చిటికెన వేలంత వాటి నుంచి తాటిమొద్దంత వాటి దాకా ఉండేవి. వేలు ఎత్తే దాకా స్వరం ఆగదు. పాడే మనిషికి ఊపిరి చాలకపోవచ్చు గానీ దానికి చాలకపోవడం ఉండదు, వెనక తిత్తి కొట్టే మనిషి ఉన్నంత వరకు.

దాన్ని తెచ్చింది ఒక దొర. ఆయన పేరు ఊళ్లో ఎవరికీ గుర్తు లేదు, దొరగారి గడ్డం మాత్రం అందరికీ గుర్తుంది, తాతలు చెప్పగా విన్నారు కాబట్టి. ఓడలో చెన్నపట్నం దాకా, అక్కడి నుంచి కాలువ మీద పడవల్లో, చెక్కపెట్టెల్లో వచ్చిందట. పెట్టెలు చూసి ఊరి వాళ్లు దొర శవాల్ని తెస్తున్నాడని భయపడ్డారట. దించేటప్పుడు ఒక పెట్టె జారి కాలువలో పడింది. మనుషులు దూకి అన్నీ పైకి తీశారు గానీ మూరెడు గొట్టం ఒకటి దొరకలేదు. ఎండాకాలం నీళ్లు తగ్గాక బురదలో చేపలు పట్టే వాళ్లకు దొరికింది. కడిగి, ఎండబెట్టి, దాని చోట దాన్ని నిలబెట్టారు. పలికింది గానీ గొంతు బొంగురు పోయింది. తరాలు మారినా ఆ బొంగురు పోలేదు. మా అత్త దాన్ని జలుబు గొట్టం అనేది. పాటలో ఆ స్వరం వచ్చినప్పుడల్లా ఆమె పెదవి చివర చిన్న నవ్వు వచ్చేది, ఇంట్లో అల్లరి పిల్లను పిలిచినప్పుడు వచ్చినట్టు.

ఆ ఆర్గాన్ చర్చి వాళ్లది మాత్రమే కాదు. చుట్టుపక్కల వరి పండించే ఊళ్ల నుంచి మాటలు రాని పిల్లల్ని ఎత్తుకొచ్చేవాళ్లు. బొట్టు పెట్టుకున్న తల్లులు చెప్పులు బయట విడిచి, పిల్లవాడి వీపును అన్నిటికంటే పెద్ద గొట్టానికి ఆనించి నిలబడేవాళ్లు. అత్త కాలితో అడుగు మెట్టు నొక్కేది. ఆ శబ్దం చెవికంటే ముందు ఎముకల్లోకి పోతుంది. పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చేవాడు.

"ఏడవనీమే, ఆపబాక. లోపల అడ్డం పడిందేదో కదలతాది" అనేది అత్త ఆ తల్లితో.

పాస్టర్లు మారినప్పుడల్లా ఒక్కొక్కరు ఇది మూఢనమ్మకం అని కేకలేశారు. అత్త అందరికీ తల ఊపింది, ఎవరి మాటా వినలేదు. నాకూ మాటలు ఆలస్యమేనట. నన్నూ ఆ గొట్టానికి ఆనించి నిలబెట్టారట. ఆ తరవాత నా నోరు మూయించడం ఎవరి వల్లా కాలేదని, ఆ ఒక్క విషయంలో ఆర్గాన్ మోతాదు ఎక్కువైందని మా అమ్మ చెప్పుకునేది.

తిత్తి కొట్టేది మా మామ. ఊరి బడిలో డ్రిల్లు మాస్టారు. చేతులు ఇనుములా ఉండేవి. ఆదివారం పొద్దున భార్యాభర్తలిద్దరూ కలిసి నడిచి వచ్చేవాళ్లు. ఆమె అందరి ముందు కూర్చునేది, ఆయన వెనక చీకటి గదిలోకి పోయేవాడు. ఆరాధన అయ్యేదాకా ఆయన ఎవరికీ కనబడడు. వాయించేది ఆమె, ఊపిరి పోసేది ఆయన అని ఊళ్లో అనేవాళ్లు. శనివారం ఇంట్లో మాటా మాటా పెరిగితే ఆదివారం మూడో చరణానికల్లా గాలి తగ్గేది, స్వరం తల వాల్చేది. చర్చి మొత్తానికి అర్థమైపోయేది. ఆడవాళ్లు పాటల పుస్తకం చాటున నవ్వుకునేవాళ్లు. అత్త మడమతో వెనక చెక్కను ఒక్క తన్ను తన్నేది. గాలి మళ్లీ వచ్చేది.

మామ పోయినప్పుడు సమాధి కార్యక్రమానికి తానే వాయిస్తానని ఆమె పట్టుబట్టింది. సరే, తిత్తి ఎవరు కొట్టాలి? ఆ మీట బలానికి లొంగదు, తీరుకు లొంగుతుంది. కుర్రాళ్లు ఇద్దరు ప్రయత్నిస్తే ఆర్గాన్ ఎక్కిళ్లు పెట్టింది. అప్పుడు కళాయి సాయిబు లేచాడు. నాయుడుపేటలో గిన్నెలకు కళాయి పూసే కొట్టు ఆయనది. గొట్టాలకు మాటు వేయాలన్నా, తిత్తికి మేకతోలు అతకాలన్నా ఆయనే, ఆయనకు ముందు వాళ్ల నాన్న. దండ పట్టుకుని వచ్చిన మనిషి దండ బెంచీ మీద పెట్టి, వెనక గదిలోకి పోయి మీట పట్టుకున్నాడు.

చాలా రోజుల తరవాత అత్త నాతో అంది. "గాలి చక్కగా వచ్చింది పాపా. ఒక్కసారి గూడా అలగలా. అందుకే నాకు ఏడుపొచ్చింది."

ఆ తరవాత ఎవరో మోటరు పెట్టించారు. స్విచ్చి వేస్తే చాలు, కరెంటే తిత్తి నింపేది. వెనక గది ఖాళీ అయింది.

ఇక కుంపటి సంగతి. మా వైపు వానలు కార్తీకంలో వస్తాయి. సముద్రం మీద వాయుగుండం పడిందంటే రోజుల తరబడి ముసురు. గోడలకు చెమట పడుతుంది, ఉప్పు కరిగి నీళ్లవుతుంది. ఆర్గాన్ తోలు ఉబ్బి చెక్కకు అంటుకునేది. నొక్కిన మెట్టు పైకి లేవదు, వేలు తీసినా స్వరం ఆగదు, ప్రార్థన మధ్యలో ఒకే స్వరం ఏడుస్తూ ఉండేది. అందుకని ముసురు కాస్త తెరిపిచ్చినప్పుడల్లా అత్త ఒక పని చేసేది. ఇనప కుంపటిలో బొగ్గులు రాజేసి, బూడిద కప్పి, పైన గుప్పెడు సాంబ్రాణి వేసి, ఆర్గాన్ వెనక గదిలో కడప బండ మీద పెట్టి తలుపు వేసేది. ఆ సెగ, ఆ పొగ తిత్తి కిందికి పోయి తేమను లాగేసేవి. తలంటిన పసిబిడ్డ జుట్టుకు పొగ వేయడం మనకు తెలిసిన పనే కదా, ఆమె ఆర్గాన్‌కు అదే చేసేది. ఆమెకు పిల్లలు లేరు. ఈ మాట ఇక్కడ రాస్తే ఏదో పోలిక తెస్తున్నానని మీరు అనుకుంటారు. నేను తేవడం లేదు, ఆమే తెచ్చింది. "తలకు నీళ్లు పోసుకున్న బిడ్డ గదా, పొగ వెయ్యకపోతే పడిశం పట్టదూ" అనేది నవ్వుతూ.

ఆ కుంపటికి మూడు కాళ్లు. ఒకటి విరిగితే మామ ఒక పెద్ద బోల్టు బిగించి దాన్నే కాలు చేశాడు. మిగతా రెండిటికంటే అది కాస్త పొట్టి. బండ మీద పెడితే టకటకమని ఒక పక్కకు ఒరిగేది.

ఎన్నో ఏళ్లు అదే చోట, అదే కుంపటి. ఏమీ కాలేదు. కుంపటి చుట్టూ బండ తప్ప ఏముందని అంటుకోడానికి?

మూడేళ్ల కింద వానాకాలంలో చర్చి సామాను గది కురిసింది. క్రిస్మస్‌కు కట్టే పశువుల పాక కోసం తెచ్చిన ఎండు వరిగడ్డి, థర్మోకోల్ నక్షత్రాలు, దూది, రంగు కాగితాలు అన్నీ అందులోనే ఉన్నాయి. తడిసిపోతాయని యువకుల సంఘం పిల్లలు వాటిని మోసుకొచ్చి ఆర్గాన్ వెనక గదిలో గోడ వారగా పేర్చారు. పాపం వాళ్లు తడ దగ్గర కంపెనీల్లో షిఫ్టులు చేసే పిల్లలు, సెలవు రోజున వచ్చి మంచి పనే చేశామనుకుని పోయారు. అత్తకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆమెకు కళ్లల్లో నీటికాసులు. ఎదురుగా ఉన్నది కనబడేది, పక్కన ఉన్నది కనబడేది కాదు. తలుపు తీసింది, ఎదురుగా బండ ఖాళీగా ఉంది, కుంపటి పెట్టింది, తలుపు వేసింది. ఆమె కుంపటి ఎప్పుడూ పెట్టే చోటే పెట్టింది. గడ్డే ఎప్పుడూ పెట్టని చోట ఉంది.

అన్నం తిని వద్దామని ఆమె పక్కనే ఉన్న ఇంటికి పోయింది. తిరిగి వచ్చేసరికి కిటికీల్లోంచి పొగ వస్తోంది. బయట మళ్లీ ముసురు పట్టింది. ఆకాశం నిండా నీళ్లు, లోపలికి గుక్కెడు పోలేదు. ఆ ఏడాదే సామాను గదిని వదిలేసి చర్చి పైకప్పుకు మాత్రం కొత్త రేకులు వేయించారు మరి. మనుషులు బిందెలతో పరిగెత్తారు. ఫైరింజను బురద దారిలో పడి వచ్చేసరికి తిత్తి మండిపోయింది, చెక్క గొట్టాలు మండిపోయాయి, తగరపు గొట్టాలు కొవ్వొత్తుల్లా వంగి నేల మీదికి కారిపోయాయి. కాలేటప్పుడు వేడి గాలి లోపలికి పోయి అది మూలిగిందని చూసిన వాళ్లు చెప్పారు. అంత మంటలో ఎవరికి ఏం వినబడుతుందిలే అని నేను ఆ మాట కొట్టిపారేశాను. నమ్మితే నేను తట్టుకోలేను, అదీ అసలు సంగతి.

అత్తను ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుని ఉన్నారు. ఆమె అరవలేదు. అడుగుతూనే ఉందట. "లోపల కుంపటి ఉండాది. తీసినారా? ఎవురన్నా కుంపటి తీసినారా?"

కొత్తగా వచ్చిన పాస్టరు గారు ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. "కుంపటా? ఇయ్యాల మీరు కుంపటి పెట్టలేదు గదమ్మా. పెట్టాలనుకున్నారంతే. మోటరు కాడ షార్ట్ సర్క్యూట్ అయింది."

ఆయనంటే అంతకుముందు నాకు పడేది కాదు. చిన్న వయసు, పెద్ద మైకు. ఆ ఒక్క అబద్ధంతో నాకు ఆయన మీద ఉన్న కోపమంతా పోయింది. చుట్టూ ఉన్న వాళ్లు ఆ మాట విన్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతే, ఇక అదే నిజం.

నేను నాయుడుపేట నుంచి పోయేసరికి సాయంత్రమైంది. నన్ను పక్కకు తీసుకెళ్లి అసలు సంగతి చెప్పారు. ఒక చిక్కు ఉందని నాకు అప్పుడే తట్టింది. "ముందు రోజు నుంచి ఊరికి కరెంటే లేదు కదండీ, షార్ట్ సర్క్యూట్ ఎలా అవుతుంది?" అని పాస్టరు గారిని అడిగాను.

"ఆ సంగతి ఆమెకు గుర్తు రాకుండా దేవుడు చూసుకుంటాడక్కా" అన్నారు.

మర్నాడు పొద్దున్నే సాయిబు బూడిదలో వెతికి కుంపటిని పట్టుకున్నాడు. గోనె సంచిలో చుట్టి ఎవరి కంటా పడకుండా తీసుకుపోయాడు. ఆయనే నాయుడుపేట బజారులో అలాంటిదే మరొకటి కొని, కొత్తదనం పోయేలా బూడిదతో రుద్ది, మసి పూసి, అత్త ఇంటి వెనక చూరు కింద పాతది ఉండే చోటే పెట్టాడు.

"అబద్ధమైనా అతికినట్టుండాల గదమ్మా" అన్నాడు నాతో. జీవితమంతా గిన్నెలకు అతుకులు వేసిన మనిషి ఆ రోజు ఒక అబద్ధానికి అతుకు వేశాడు.

ఆ రోజే అత్త పెరట్లోకి పోయింది. చూరు కింద తడుముకుంటూ కుంపటి దగ్గర కూర్చుంది. రెండు చేతులతో దాని అంచు పట్టుకుంది, లోపల తడిమింది, బోర్లించి కింద తడిమింది. నేను గడపలో నిలబడి చూస్తున్నాను.

"అయితే నేను పెట్టలా" అంది.

"పెట్టలేదత్తా."

"నిజంగానా పాపా?"

"నిజంగా."

ఆమె తల ఊపింది. కుంపటిని మళ్లీ దాని చోట పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. నా గుండెల మీది బరువు దిగింది. అంత తేలిగ్గా నమ్మిందే అని ఆమె మీద జాలి కూడా వేసింది.

చల్లారాక నేల మీద గడ్డకట్టిన తగరాన్ని పలుగులతో పెకలించారు. కళాయికి పనికొస్తుంది, తీసుకుపొమ్మని పాస్టరు గారు సాయిబుకు చెప్పారు. "గిన్నెకు పూసుకోని దాంట్లో కూడు తినేదా?" అన్నాడు ఆయన. ఆయనే చర్చి గోడ పక్కన గుంట తీసి పూడ్చాడు.

ఇప్పుడు అక్కడ కీబోర్డు ఉంది. ప్లగ్గు పెట్టి బొత్తాం నొక్కితే డోలు అదే కొడుతుంది, వాయించే పిల్లవాడు ఫోను చూసుకుంటున్నా పాట నడిచిపోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు గోడకు నిప్పు ఆర్పే ఎర్ర సిలిండర్లు కూడా తగిలించారు. మాటలు రాని పిల్లల్ని ఎవరూ ఎత్తుకు రావడం లేదు. వచ్చినా ఏ గొట్టానికి ఆనిస్తారు?

అత్తను నా దగ్గరికి తెచ్చుకున్నాను. సామాన్లతో పాటు ఆ కుంపటీ వచ్చింది, ఆమే తెమ్మంది. నాయుడుపేటలో మా ఇంటి ముందు లారీల మోత. ఆమెకు ఆ మోత ఇష్టంగానే ఉండేది. నిశ్శబ్దంగా ఉంటేనే కష్టమనేది. భోజనం చేసేటప్పుడు ఆమె ఎడమ చేతి వేళ్లు కంచం పక్కన బల్ల మీద కదులుతూ ఉండేవి. నేను చూస్తే ఆపేసేది.

ఒకరోజు సాయిబు వచ్చాడు. చంకలో పాత గుడ్డ మూట. విప్పితే మూరెడు తగరపు గొట్టం. మంట రేగే ముందు వారమే మాటు వేయడానికి ఆయన కొట్టుకు పోయిందట. ఆ హడావిడిలో మరిచిపోయి, తరవాత గుర్తొచ్చి, ఇవ్వాలా వద్దా అని ఇన్నాళ్లు ఆలోచించాడట.

"ఇదొక్కటే మిగిలింది అక్కా" అన్నాడు.

అత్త దాన్ని అందుకుని వేలితో మూతి తడిమింది, నిలువునా నిమిరింది. "జలుబుదా!" అంది. నవ్వింది. ఆ నవ్వు చూడలేక సాయిబు వాకిట్లోకి పోయాడు. బంగారం లాంటి గొట్టాలన్నీ కరిగిపోయి, ఎప్పుడూ వైద్యంలో ఉండే రోగిష్టిది ఒక్కటి బతికింది. అత్త దాన్ని ఊదలేదు. పాత చీరలో చుట్టి తలగడ కింద పెట్టుకుంది.

మొన్న ఫాల్గుణంలో మా అమ్మాయి కాన్పుకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక మొదటిసారి తలంటి నీళ్లు పోసిన పొద్దున, నేను ఆ కుంపటిలోనే బొగ్గులు రాజేశాను. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ పొగ వేసింది అత్తే. సెగ ఎంత దూరంలో ఉండాలో, పొగ కళ్లకు తగలకుండా బిడ్డ తలను ఎలా తిప్పాలో ఆమె చేతికి తెలుసు. నేను సాంబ్రాణి డబ్బా ఆమె చేతిలో పెట్టబోయాను.

"అత్తా, నీ చెయ్యే పడాలి."

ఆమె రెండు చేతులూ కొంగు కిందికి లాక్కుంది.

"నా చేత్తో వద్దు పాపా."

"ఎందుకు? కళ్లు కనబడవనా? నేను పట్టుకుంటాలే."

"వద్దన్నా గదా. నా చేతి నిప్పు ఒకదాన్ని తినింది, చాలదా?"

మా అమ్మాయి నా మొహం చూసింది. నోటికి అలవాటైన మాటే వచ్చింది. "అది కరెంటు వల్ల కదత్తా..."

"కరెంటు యాడుండాది పాపా ఆ పొద్దు? ముందు రోజే పోలా?" ఆమె గొంతులో కోపం లేదు. పిల్లలకు లెక్క విడమరిచి చెప్పే గొంతు అది. "దీన్ని తాకి చూడు. మూడు కాళ్లూ ఒకటే తీరుగా ఉండాయి. మీ మామ ఏసిన బోల్టు కాలు ఏదీ?"

ఆ పెరట్లో, ఆ చూరు కింద, మర్నాడే ఆమెకు తెలిసిపోయింది. బోర్లించి తడిమింది అందుకు. బజారులో హడావిడిగా కుంపటి కొన్న సాయిబుకూ గుర్తు రాలేదు, నాకూ గుర్తు రాలేదు. ఆ కాలు బిగించిన మనిషి భార్యకు గుర్తుండదని మేమెలా అనుకున్నాం?

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"ఎట్టా చెప్పేది? పాస్టరు గారు చర్చి ముందర మోకాళ్లేసుకోని నా కోసరం అబద్ధమాడినాడే. తెలుసని చెప్పి ఆయన్ని అబద్ధాలకోరును చేసేదా? ఆ తమ్ముడు మసి పూసి మరీ తెచ్చినాడు. గడ్డి పెట్టిన పిలకాయలు నా మొహం చూళ్లేక చస్తావుండారు. నేను నమ్మితే మీకు నిద్ర పడతాదని నమ్మినా. అంతే."

నేను వెళ్లి మంచం మీద ఆమె పక్కన కూర్చున్నాను. ఇన్నాళ్లూ ఆమెను కాపాడుతున్నామని మేమందరం మురిసిపోయాం. మేము చేసిందల్లా ఆమె గుండె పగిలేలా ఏడవడానికి ఒక మనిషిని కూడా మిగల్చకపోవడం. ఆమె పోగొట్టుకున్నదాని కోసం మా ఇంట్లో ఏడ్చింది గానీ, తానే పోగొట్టానని ఎవరి ఒళ్లోనూ ఏడవలేదు. మేము ఏడవనీయలేదు. "ఏడవనీమే, ఆపబాక" అని ఎంతోమంది తల్లులకు చెప్పిన మనిషి ఆమె.

మా అమ్మాయి మెల్లగా లేచి, కుంపటిని పక్క గదిలోకి తీసుకుపోయి బిడ్డకు తానే పొగ వేసుకుంది. సాంబ్రాణి వాసన ఇల్లంతా పాకింది. ఆ వాసనకు అత్త కళ్లు మూసుకుంది. అప్పుడు ఏడ్చింది. నేను ఆమె తలను నా భుజానికి ఆనించుకున్నాను. ఆమె వీపు అదిరిన ప్రతిసారీ నా ఎముకలకు తెలిసింది. చాలాసేపటికి తెరిపిన పడి కొంగుతో మొహం తుడుచుకుంది.

"తలగడ కింద దాన్ని తియ్యి" అంది.

తీసి ఇచ్చాను. ఆమె పట్టుకోలేదు. "నువ్వు ఊదు. నెమ్మదిగా. గట్టిగా ఊదితే కీచుమంటాది."

"నువ్వే ఊదత్తా."

"నేను ఊదేదాన్నా ఎప్పుడైనా? అది మీ మామ పని."

నేను గొట్టం సన్నటి కొనను పెదవుల మధ్య పెట్టుకున్నాను. ఆమె కుడిచేతి మధ్యవేలు చాచి మంచం మీది దుప్పటికి ఆనించింది, మెట్టు నొక్కినట్టు. నేను ఊదాను. బొంగురుగా, తడిగా, కాలువ బురద ఇంకా లోపలే ఉన్నట్టుగా పలికింది. నా చిన్నతనపు ఆదివారాలన్నీ అందులోనే ఉన్నాయి. ఆమె వేలు ఎత్తింది. నేను ఆపాను. మళ్లీ ఆనించింది. ఊదాను. ఎత్తింది. ఆపాను. ఆమె పెదవి చివర ఆ పాత నవ్వు కదిలింది.

మూడోసారి వేలు ఆనించింది, ఎత్తలేదు. నేను ఊదుతూనే ఉన్నాను. స్వరం సన్నబడింది, తల వాల్చింది. అత్త మడమ మంచం కోడును మెల్లగా ఒక్క తన్ను తన్నింది. ఆమె వేలు దుప్పటిని ఇంకా నొక్కుతూనే ఉంది. నా దగ్గర ఊపిరి అయిపోయింది.